కింద మృదంగం, పైన నిద్ర: సెల్లార్ స్లాబుకు రాక్‌వూల్ ఏం చేస్తుంది, ఏం చేయదు

బరంపురంలో మా అక్క వాళ్లింటి సెల్లార్‌లో పదకొండేళ్లుగా సంగీతం క్లాసు నడుస్తోంది. సాయంత్రం ఐదున్నరకు శ్రుతిపెట్టె మోగితే ఎనిమిదిన్నరకు ఆగుతుంది. గాత్రం నేర్చుకునే పిల్లల వల్ల ఎప్పుడూ పేచీ రాలేదు. రెండేళ్ల కిందట ఒక మాస్టారు వారానికి మూడు రోజులు వచ్చి మృదంగం నేర్పడం మొదలుపెట్టాక, పైన అద్దెకున్న ఒడియా కుటుంబంలోని పెద్దావిడ మెట్లు దిగి రావడం మొదలైంది. గుమ్మంలో నిలబడి "టికే ఆస్తే" అనేది. కాస్త మెల్లగా అని. ఆవిడ ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. అందుకే అక్కకు మరీ బాధగా ఉండేది.

అక్క ఒక ఇంటీరియర్ మేస్త్రీని పిలిపించింది. ఆయన వచ్చి స్లాబు కింద రెండంగుళాల రాక్‌వూల్ పలకలు అంటించి, పైన గుడ్డ బిగించి, రెండు రోజుల్లో పని ముగించాడు. ఇక కింద ఏం వాయించినా పైన చీమ చిటుక్కుమన్నంత కూడా వినబడదని మాటిచ్చాడు. సోమవారం క్లాసు మొదలైన అరగంటకు పెద్దావిడ మళ్లీ గుమ్మంలో ఉంది. ఆ రాత్రి అక్క ఫోన్ చేసింది. "తమ్ముడూ, గదిలో పాట ఎంత హాయిగా వినిపిస్తోందో చెప్పలేను. కానీ పైకి మాత్రం మోత అలాగే పోతోందట. ఉన్ని పనిచేస్తున్నట్టా, చెయ్యనట్టా?"

ఇరవై ఏళ్లుగా ఇళ్ల పనుల్లో ఉన్నాను. ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. పర్లాకిమిడిలో కింద పిండిమర, పైన కాపురం ఉన్న ఇంటివాళ్లు అడిగారు. రాయగడలో జిమ్ పెట్టిన కుర్రాడు అడిగాడు. అందరూ డబ్బు ఖర్చుపెట్టాకే అడిగారు. ఖర్చుపెట్టక ముందు తెలియాల్సిన విషయం కాబట్టి వివరంగా రాస్తున్నాను.

అక్క ఇంట్లో ఉన్ని పనిచేస్తూనే ఉంది. అయితే మనం అడిగిన పని వేరు, అది చేస్తున్న పని వేరు. గదిలో శబ్దం గోడలకు తగిలి తిరిగి గదిలోకే మోగుతుంటే ఆ మోతను పీల్చుకోవడం ఒక పని. శబ్దం గది దాటి పక్క గదికో పై అంతస్తుకో పోకుండా ఆపడం ఇంకో పని. మనం రెండింటినీ సౌండ్‌ప్రూఫింగ్ అనే ఒక్క మాటతో పిలుస్తున్నాం. తికమకంతా అక్కడే మొదలవుతోంది.

రాతిని పోగులు తీస్తే

రాక్‌వూల్ అంటే రాతి ఉన్నే. బసాల్ట్ లాంటి రాయిని, ఉక్కు కర్మాగారాల్లో మిగిలే స్లాగ్‌ను కలిపి దాదాపు 1500 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగించి, గిరగిరా తిరిగే చక్రాల మీద పోస్తారు. మన బరంపురం జాతర ఠాకురాణి యాత్రలో పీచుమిఠాయి బండి దగ్గర నిలబడి చూసినవాళ్లకు మిగతాది చెప్పనక్కర్లేదు. పంచదార పాకం పోగులైనట్టే రాతి పాకం కూడా పోగులవుతుంది. ఆ పోగులకు కొద్దిగా రెసిన్ కలిపి పలకలుగా నొక్కుతారు. పట్టు పోగుతో బతికిన ఊరు కాబట్టి మనకు ఇది ఇట్టే అర్థమవుతుంది: ఆ పలకలో ఎక్కువ భాగం గాలే, మధ్యలో లెక్కలేనన్ని సన్నని పోగులు.

శబ్దం అంటే గాలి ముందుకీ వెనక్కీ ఊగడం. ఆ ఊగే గాలి పోగుల మధ్య దూరి రాసుకుంటూ పోతుంది. ఆ రాపిడిలో శబ్దంలోని శక్తి కొంత వేడిగా మారిపోతుంది. చేత్తో తాకితే తెలిసేంత వేడి కాదు, కానీ శబ్దం తగ్గేది మాత్రం అలాగే. థర్మోకోల్ ఈ పనికి ఎందుకు రాదో దీన్నిబట్టి చెప్పొచ్చు. దాని గుళ్లు మూసుకుపోయి ఉంటాయి, లోపలికి గాలి దూరదు. గుడ్ల అట్టలూ అంతే, దాదాపు ఏమీ చేయవు.

గాలి దూరితేనే రాక్‌వూల్ పనిచేస్తుంది. గాలి దూరేదాన్ని శబ్దమూ దాటుతుంది. ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకుంటే సగం డబ్బు మిగులుతుంది.

శబ్దాన్ని ఆపాలంటే ముందు కావలసింది బరువు. బరువైన వస్తువును ఊపడం శబ్దానికి కష్టం. బరువు రెట్టింపైతే దాటి పోయే శబ్దం మహా అయితే 6 డెసిబెళ్లు తగ్గుతుందని సూత్రం. ఇప్పుడు అక్క ఇంటి లెక్క చూడండి. ఐదంగుళాల కాంక్రీటు స్లాబు చదరపు మీటరుకు 300 కిలోలు తూగుతుంది. ఘనపు మీటరుకు 48 కిలోల రకం రాక్‌వూల్ రెండంగుళాల మందాన తీసుకుంటే చదరపు మీటరుకు రెండున్నర కిలోలు కూడా రాదు. ఆ 300 కిలోలను దాటి వెళుతున్న మోతను ఈ రెండున్నర కిలోలు ఏం ఆపుతాయి? ఒక్క బరువుతోనే 6 డెసిబెళ్లు సాధించాలంటే ఇంకో ఐదంగుళాల స్లాబు పొయ్యాలి.

అలాగని మేస్త్రీ చేసిన పని పూర్తిగా వృథా అనడం న్యాయం కాదు. నున్నటి గోడలు, టైల్స్ నేల ఉన్న ఖాళీ గదిలో శబ్దం పదేపదే తిరుగుతుంది. పీల్చే శక్తి రెట్టింపైతే గదిలో నిండిన మోత 3 డెసిబెళ్లు తగ్గుతుంది, నాలుగింతలైతే 6. గదిలో తగ్గినంత మేర పైకి పోయేదీ తగ్గుతుంది. గాత్రం విషయంలో ఇది నిజంగానే జరిగి ఉంటుంది. మృదంగం సంగతి వేరు. ఎడమ వైపు తొప్పి గుమ్మన్నప్పుడు వచ్చే శబ్దం వంద హెర్ట్జ్, అంటే సెకనుకు వంద ఊపుల దరిదాపుల్లో ఉంటుంది. ఆ శబ్దంలో ఒక్క అల పొడవు 3.4 మీటర్లు, అంటే పదకొండు అడుగుల పైమాట. స్లాబుకు అంటుకుని ఉన్న రెండంగుళాల ఉన్ని అంత పొడవైన అలకు అడ్డమే కాదు. వెయ్యి హెర్ట్జ్ దగ్గర అల పొడవు 34 సెంటీమీటర్లే కాబట్టి అక్కడ ఉన్ని చక్కగా పీలుస్తుంది. గదిలో పాట హాయిగా ఉండి, పైన తొప్పి అలాగే వినిపించడానికి కారణం ఇదే.

ఎన్ని డెసిబెళ్లు కావాలి?

గదిలో మృదంగం 90 డెసిబెళ్లు ఉందనుకుందాం. మంచి స్లాబు సుమారు 50 ఆపుతుంది. పైన 40 మిగులుతుంది. పగలు వీధిలో ఆటోలు, కూరగాయల బళ్లు, పక్కింటి టీవీ మధ్య ఆ 40 కలిసిపోతుంది. ఏడు దాటి వీధి సద్దుమణిగాక, తలుపులు వేసుకుని మంచం మీద వాలిన పెద్దావిడ గదిలో 30 డెసిబెళ్ల నిశ్శబ్దం ఉంటే, ఈ 40 స్పష్టంగా వినిపిస్తుంది. మన చెవికి 10 డెసిబెళ్లు తగ్గితే శబ్దం సగమైనట్టు అనిపిస్తుంది. అంటే అక్కకు కావలసింది ఇంకో 10 నుంచి 15. కొండను తవ్వినంత పనేమీ కాదు, కానీ అంటించిన ఉన్నితో అయ్యే పనీ కాదు.

మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి పదింటి నుంచి ఆరింటి దాకా 45 డెసిబెళ్లు పరిమితి. అక్క క్లాసు ఎనిమిదిన్నరకే ముగుస్తుంది కాబట్టి చట్టంతో గొడవ లేదు. మెట్లు దిగి వచ్చే మనిషి మోకాళ్ల సంగతే ఆమెను బాధపెట్టింది.

వీడియోల్లో ఇల్లు వేరు, మన ఇల్లు వేరు

అక్క కొడుకు వీడియోలు చూసి, అందులో ఉన్ని పెట్టగానే బ్రహ్మాండంగా తగ్గింది కదా అని అడిగాడు. ఆ వీడియోలు అమెరికా, కెనడా వాళ్లవి. అక్కడ చాలా ఇళ్లకు బేస్‌మెంట్ ఉంటుంది, దాని పైకప్పు చెక్కతో కట్టినది. పదహారు అంగుళాలకు ఒక దూలం, పైన ప్లైవుడ్, కింద ఒక జిప్సం బోర్డు, మధ్యలో అంతా ఖాళీ. ఆ కప్పు చాలా తేలిక, డోలులా మోగుతుంది. మాటలు కూడా తేటగా పైకి వినిపిస్తాయి. ఆ ఖాళీలో ఉన్ని నింపడం అక్కడ సహజమైన మొదటి మెట్టు.

అక్కడ కూడా అది మొదటి మెట్టే. బోర్డును దూలాలకు నేరుగా స్క్రూలు కొడితే మధ్యలో ఎంత ఉన్ని ఉన్నా శబ్దం దూలం లోంచే నడిచిపోతుంది, ఉన్ని వల్ల వచ్చే లాభం కొద్ది డెసిబెళ్లే. అదే బోర్డును దూలాలకు తగలకుండా స్ప్రింగులా ఊగే సన్నని రేకు పట్టీల మీద వేలాడదీసి, రెండు పొరలు వేస్తే అప్పుడు ఉన్ని విలువ బయటికొస్తుంది. ఒక్క స్క్రూ పొడుగైపోయి పట్టీని దాటి దూలానికి దిగినా అక్కడ స్ప్రింగు చచ్చిపోయినట్టే. వీడియోలో ఉన్ని నింపుతున్న దృశ్యం అందంగా ఉంటుంది కాబట్టి అదే గుర్తుంటుంది. ఫలితం తెచ్చిన ఆ రేకు పట్టీ ఎవరి కంటా పడదు.

మన స్లాబు పరిస్థితి దానికి దాదాపు తలకిందులు. బరువు దండిగా ఉంది కాబట్టి గాలిలో వచ్చే శబ్దాన్ని బాగానే ఆపుతుంది. కానీ దాని మీద నేరుగా పడే దెబ్బను మాత్రం ఇల్లంతా పంచుతుంది. అమెరికా నిర్మాణ నియమావళి అపార్ట్‌మెంట్ల అంతస్తులకు గాలి శబ్దంలో 50, అడుగుల చప్పుడులో 50 మార్కులు రావాలంటుంది. ఏ పరుపూ లేని ఆరంగుళాల కాంక్రీటు స్లాబు మొదటి పరీక్షలో హాయిగా గట్టెక్కుతుంది. రెండోదాంట్లో 30 కూడా రాదు. పైన కుర్చీ ఈడిస్తే, చపాతీ కర్ర జారిపడితే, పిల్లవాడు పరుగెత్తితే కింద పిడుగు పడ్డట్టు వినిపించేది అందుకే.

మన ప్రాంతంలో మూడో రకం ఇళ్లూ ఉన్నాయి. 1936 దాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం కదా, ఆ కాలపు పాత ఇళ్లలో టేకు దూలాల మీద సన్నని ఇటుకలు నిలబెట్టి పేర్చి, సున్నంతో పోసిన మిద్దెలు ఇప్పటికీ కనిపిస్తాయి. వాటికి కింది నుంచి ఏదైనా వేలాడదీయాలంటే దూలం చెద పట్టిందో లేదో, ఎంత బరువు మోయగలదో ఇంజనీరుకు చూపించకుండా ఒక్క మేకు కూడా కొట్టొద్దు.

రెండు బరువులు, మధ్యలో ఒక స్ప్రింగు

అసలు మార్గానికి వద్దాం. స్లాబు బరువు పెంచలేం. కాబట్టి దానికి తగలకుండా, కొంచెం కింద ఇంకో కప్పు కట్టాలి. రెండు కప్పుల మధ్య ఉన్న గాలి స్ప్రింగులా పనిచేస్తుంది. కింది బోర్డును శబ్దం ఊపుతుంది, బోర్డు గాలిని నొక్కుతుంది, గాలి స్లాబును నొక్కాలి. స్ప్రింగు మెత్తగా ఉంటే ఆ ఊపు స్లాబు దాకా చేరదు.

కానీ ప్రతి స్ప్రింగుకూ తనకు ఇష్టమైన ఊపు ఒకటి ఉంటుంది. ఉయ్యాలను దాని లయలో తోస్తే చిన్న తోపుకే పైకి లేస్తుంది కదా, అలాగే ఆ ఒక్క లయ దగ్గర ఈ జంట కప్పు శబ్దాన్ని ఆపదు సరికదా, ఎక్కువ చేసి పంపుతుంది. ఆ లయ ఎక్కడ పడుతుందో చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. స్లాబు చాలా బరువు కాబట్టి కింది బోర్డు బరువు ఒక్కటే తీసుకుంటే చాలు. చదరపు మీటరుకు బోర్డు ఎన్ని కిలోలో, మధ్య ఖాళీ ఎన్ని మీటర్లో హెచ్చించండి. దాని వర్గమూలంతో 60ని భాగించండి. వచ్చిన అంకె హెర్ట్జ్‌లలో ఆ లయ.

12.5 మిల్లీమీటర్ల జిప్సం బోర్డు చదరపు మీటరుకు సుమారు 9 కిలోలు ఉంటుంది. ఎత్తు పోతుందని అంగుళమే ఖాళీ వదిలి ఒక్క బోర్డు కొడితే లయ 126 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. తొప్పి ఉండేది సరిగ్గా ఆ ఇరుగుపొరుగులోనే. అంటే డబ్బు పోసి తొప్పి మోతను పెంచుకున్నట్టు. అదే ఐదంగుళాల ఖాళీ, రెండు బోర్డులు, అంటే 18 కిలోలు, 0.125 మీటర్లు. లెక్క వేస్తే 40 హెర్ట్జ్ వస్తుంది. ఆ లయకు దాదాపు ఒకటిన్నర రెట్లు దాటాక లాభం మొదలవుతుంది, పైకి పోయేకొద్దీ పెరుగుతుంది. తొప్పి 60కి బాగా పైనే ఉంది కాబట్టి ఇప్పుడు అది మన వైపు వచ్చింది.

రాక్‌వూల్‌కు దాని అసలు చోటు దొరికేది ఈ ఖాళీలో. మూసి ఉన్న ఖాళీలో శబ్దం అటూ ఇటూ కొట్టుకుని తనలో తాను మోగుతుంది. ఉన్ని ఆ మోతను పీల్చేస్తుంది, గాలి స్ప్రింగును ఇంకాస్త మెత్తన చేస్తుంది. ఖాళీగా వదిలిన దానికంటే తేడా చెవికి తెలిసేంత ఉంటుంది. ఇక్కడ ఇంకో అపోహ కూడా ఉంది. బరువు రకం కొంటే మంచిదని 96, 144 కిలోల రకాలు అమ్ముతుంటారు. ఈ పనికి 48 చాలు, మంచి గ్లాస్‌వూల్ అయినా దాదాపు ఇంతే పనిచేస్తుంది. స్లాబుకూ బోర్డుకూ మధ్య ఉన్నిని కుక్కి బిగించకూడదు. బిగిస్తే అదే గట్టిబడి వంతెన అవుతుంది. కొనేటప్పుడు పొట్లం మీద ఐఎస్ 8183 గుర్తు చూడండి, రాతి ఉన్నికి భారతీయ ప్రమాణం అది.

వేలాడదీసే పద్ధతి మీద నేను మొండిగా ఉంటాను. మామూలు ఫాల్స్ సీలింగ్‌కు వాడే గట్టి కమ్మీలతో దించితే శబ్దం వాటి గుండానే ఎక్కిపోతుంది. రబ్బరు గానీ స్ప్రింగు గానీ ఉన్న హ్యాంగర్లు వాడాలి. అవి మన ఊళ్లో దొరక్కపోతే విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో తెప్పించుకోవాలి. పన్నెండు అడుగులకు పదిహేను అడుగుల గదికి రెండు పొరల బోర్డే సుమారు 300 కిలోలు అవుతుంది. ఆ బరువు పిల్లల తలల మీద వేలాడుతుంది. స్లాబులోకి సరైన యాంకర్ బోల్టులు దిగాలి, డ్రిల్లు పెట్టే ముందు కరెంటు పైపులు ఎటు పోతున్నాయో గుర్తుపెట్టుకోవాలి. రెండో పొర బోర్డు అతుకులు మొదటి పొర అతుకుల మీద పడకూడదు. అంచుల్లో బోర్డు గోడకు తగలకుండా చిన్న సందు వదిలి, ఎండినా గట్టిపడని సీలెంట్‌తో నింపాలి. రెండడుగుల పలకలు పేర్చే గ్రిడ్ సీలింగ్ చూడ్డానికి ఇలాగే ఉంటుంది గానీ, తేలిక, సందులెక్కువ. ఆఫీసులో మోత తగ్గించడానికి సరే, దీనికి చాలదు.

చిల్లికుండలో నీళ్లు

ఇంత చేసి కూడా ఓడిపోయేవాళ్లు సందుల దగ్గర ఓడిపోతారు. కప్పు వైశాల్యంలో నూరో వంతు తెరిచి ఉంటే, మిగతా కప్పు ఎంత గొప్పదైనా మొత్తం మీద 20 డెసిబెళ్లకు మించి ఆపలేదు. వెయ్యో వంతు తెరిచి ఉంటే 30. మన 180 చదరపు అడుగుల గదిలో వెయ్యో వంతు అంటే అరచేయంత. అందంగా ఉంటాయని బోర్డుకు పన్నెండు బెజ్జాలు పెట్టి డౌన్‌లైట్లు దిగేస్తే అంతకంటే ఎక్కువే అవుతుంది. లైట్లు గోడలకు పెట్టుకోండి. సీలింగ్ ఫ్యాను వద్దు, దాని రాడ్డు స్లాబు నుంచి బోర్డు గుండా దిగాలి, ఆ బెజ్జం చుట్టూ ఊగుతూ ఉంటుంది. గోడ ఫ్యాను చాలు.

అక్క ఇంట్లో నేను కూర్చుని విన్నప్పుడు అసలు దొంగ వేరే చోట దొరికాడు. సెల్లార్ గోడ పైభాగంలో వీధి వైపు రెండు వెంటిలేటర్లు ఉన్నాయి. మృదంగం శబ్దంలో పెద్ద వాటా వాటి గుండా బయటికి పోయి, గోడ పక్కనే ఎక్కి, పై హాలు కిటికీ లోంచి లోపలికి వస్తోంది. రెండో వాటా మెట్ల తలుపు కింది సందు లోంచి పోతోంది. ఇవి మూయకుండా కప్పుకు లక్షలు పోసినా పెద్దావిడ మళ్లీ దిగి వచ్చేది.

కనుక్కోవడం కష్టం కాదు. కింద ఫోన్‌ను స్పీకరుకు తగిలించి ఒకే తీరున మోగే శబ్దం పెట్టండి. పైన ఒకరు కూర్చుని, వెంటిలేటర్‌కు తాత్కాలికంగా పరుపు అడ్డం పెట్టినప్పుడు, తలుపు సందులో దుప్పటి కుక్కినప్పుడు ఎంత తగ్గిందో చెప్పాలి. రాత్రి గదిలో దీపం ఆర్పేసి అవతలి నుంచి టార్చి కొడితే వెలుతురు వచ్చిన ప్రతి చోటు నుంచీ శబ్దం కూడా వస్తుంది. యాత్ర రోజుల్లో డప్పుల మోత ఇంట్లోకి వచ్చేదీ ఈ దారులనే. రెండేళ్లకోసారి నెల రోజుల పాటు ఆ మోత మనకు పండుగే కాబట్టి దాన్ని ఎవరూ ఆపాలనుకోరు, కానీ మీ ఇంట్లో కన్నాలు ఎక్కడున్నాయో చెప్పేందుకు అంతకంటే మంచి పరీక్ష లేదు.

ఇన్ని మూసిన తర్వాత గాలి సంగతి మర్చిపోవద్దు. పదిహేను మంది పిల్లలు గంటన్నర కూర్చునే గది అది. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పి చల్లబరుస్తుంది, బయటి గాలి తీసుకురాదు. ఒక వెంటిలేటర్‌ను ఇటుకతో మూసి, రెండోదానికి రెండు మలుపులున్న చెక్క పెట్టె కట్టించాం. పెట్టె లోపల రాక్‌వూల్ పరిచి సన్నని గుడ్డ కప్పి, అవతలి కొసన ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టాం. గాలి మలుపులు తిరిగి పోతుంది, శబ్దం ప్రతి మలుపులోనూ ఉన్నికి తగిలి నలుగుతుంది. కొత్త గాలి లోపలికి రావడానికి మెట్ల వైపు గోడలో అలాంటిదే చిన్న పెట్టె ఇంకొకటి. మెట్లకు డొల్ల తలుపు తీసేసి బరువైన తలుపు, చుట్టూ రబ్బరు, కింద నేలకు ఆనే పట్టీ.

పై నుంచి కిందికి

ఇంతవరకూ చెప్పింది కింది నుంచి పైకి పోయే శబ్దం. పై నుంచి కిందికి వచ్చే అడుగుల చప్పుడుకు మందు వేరు, చాలా చవక కూడా. దెబ్బ పడే చోటే మెత్తన చెయ్యాలి. రోలు కింద, మిక్సీ కింద, కుట్టుమిషను కాళ్ల కింద మందపాటి రబ్బరు. కుర్చీ కాళ్లకు రబ్బరు బుష్‌లు. పిల్లలు పరుగెత్తే హాల్లో దరీ, దాని కింద ఇంకో జంపఖానా. కింద రెండు పొరల కప్పు కట్టినా రానంత మార్పు ఒక్కోసారి వీటితో వస్తుంది. ఎందుకంటే దెబ్బ ఒకసారి కాంక్రీటులో పడ్డాక స్తంభాలు, గోడలు అన్నీ మోగుతాయి, కింద ఒక్క కప్పును కప్పితే చాలదు. పిండిమర ఉన్న ఇంటివాళ్లకు నేను చెప్పిందీ ఇదే: కప్పును వదిలి ముందు మర కాళ్ల కింద స్ప్రింగులు పెట్టించండని.

తడి, నిప్పు, దురద

గోపాల్‌పూర్ సముద్రం పక్కనే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను అక్కడే తీరం దాటింది, ఆ వారం మన సెల్లార్లు ఎలా ఉన్నాయో చూసినవాళ్లకు తెలుసు. రాక్‌వూల్ నీటిని త్వరగా పీల్చుకోదు గానీ, స్లాబు కారుతూ ఉంటే ఎప్పటికో తడుస్తుంది, బరువెక్కి జారుతుంది, పోగుల మధ్య గాలి పోయి పని మానేస్తుంది. మూసిన కప్పు వెనక తడి ఉంటే కంటికి కనబడదు, స్లాబులో ఇనుము తుప్పు పడుతుంది. కాబట్టి పైన బాత్రూము లీకులు, గోడల చెమ్మ అన్నీ ఒక వానాకాలం చూసి, సరిచేశాకే కప్పు మొదలుపెట్టండి. మా బావ తొందరపడితే నేనే ఆపాను.

నిప్పు విషయంలో మాత్రం రాయి రాయే. వెయ్యి డిగ్రీల దాకా ఇది కరగదు, మండదు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే నల్లటి ఫోమ్ పలకలు చూసి దాన్ని వదులుకోవద్దు. 2003లో అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో ఒక నైట్‌క్లబ్ గోడలకు అంటించిన ఫోమ్‌కు నిప్పంటుకుని 100 మంది చనిపోయారు. ఒకే మెట్లదారి ఉన్న సెల్లార్‌లో, పిల్లలు కూర్చునే గదిలో, అలాంటి ఫోమ్ ఒక్క పలక కూడా పెట్టకండి. ఇది బతిమాలి చెబుతున్నాను.

ఒంటికి తగిలితే దురద పెడుతుంది. పనివాళ్లకు నిండు చేతుల చొక్కా, చేతి తొడుగులు, మాస్కు, కళ్లద్దాలు ఇవ్వాలి. ఆస్బెస్టాస్ లాంటిదేమో అని భయపడేవాళ్లు ఉన్నారు. రెండూ వేరు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో ఈ ఉన్నిని క్యాన్సర్ కారకాల జాబితాలో పెట్టడానికి ఆధారం చాలదని మూడో వర్గంలోకి మార్చింది. ఆస్బెస్టాస్ ఉన్నది మొదటి వర్గంలో. అయినా పోగులు గదిలోకి రాలకుండా బోర్డు వెనకే ఉండాలి.

అక్క ఇంట్లో మేస్త్రీ అంటించిన ఉన్ని పలకలు జాగ్రత్తగా ఊడదీసి, వాటినే కొత్త కప్పులో వాడాం. తొమ్మిదడుగుల గదిలో ఆరున్నర అంగుళాల ఎత్తు పోయింది. పనికి పదకొండు రోజులు పట్టింది, అందులో నాలుగు రోజులు తలుపుకూ గాలి పెట్టెలకే. పై హాల్లో ఫోన్ యాప్‌తో ముందు 43, తర్వాత 33, 34 వచ్చింది. ఫోన్ కొలత కాబట్టి అంకెలను పట్టుకుని వాదించను, ఆ తేడా మాత్రం చెవికి కూడా తెలిసింది.

పని అయ్యాక మొదటి మృదంగం రోజున నేను పెద్దావిడ దగ్గర కూర్చున్నాను. ఆరున్నరకు ఆవిడ టీ ఇచ్చింది. మృదంగం క్లాసు అప్పటికే అరగంటగా జరుగుతోంది, వీధి చప్పుడులో ఏమీ తెలియలేదు. ఎనిమిది దాటి వీధి నెమ్మదించాక, దూరంగా ఎక్కడో ఉరిమినట్టు తొప్పి ఒకటి రెండుసార్లు వినిపించింది. ఆవిడ తల ఊపింది, నేను విన్నానా అని చూసింది. విన్నాను. అది కప్పు లోంచి వచ్చేది కాదు, సెల్లార్ గోడల గుండా, స్తంభాల గుండా ఎక్కేది. దాన్నీ తీసేయాలంటే నాలుగు గోడలకూ ఇలాగే లోపల ఇంకో గోడ కట్టాలి, గది ఒక చాప మేర కుంచించుకుపోతుంది. అక్కతో ఆ మాటే చెప్పాను. ఆమె మాస్టారితో మాట్లాడి మృదంగం క్లాసును ఐదున్నరకు మార్చి, గాత్రాన్ని తర్వాత పెట్టుకుంది.